కర్నూలులో వైద్య, ఆరోగ్య కోర్సుల్లో చేరుతున్న కొత్త విద్యార్థులకు: తరచుగా అడిగే ప్రశ్నలు (2021 ఫిబ్రవరి)

2020 మే 3న జరగాల్సిన నీట్ పరీక్ష జూలై 26కు, అక్కడి నుంచి సెప్టెంబరు 13కు వాయిదా పడింది. కోవిడ్ కారణంగా ఆ రోజు రాయలేకపోయినవారు అక్టోబరు 14న రాశారు. ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ సాగి, చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి తొలి ఏడాది తరగతులు ప్రారంభించాలని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. పుస్తకం మూయలేక, చదివింది ఎప్పుడు పనికొస్తుందో తెలియక మీరు గడిపిన ఆ నెలలు తేలికైనవి కావు. రండి. మీ కోసం మేము నిజంగా ఎదురుచూస్తున్నాం.

సీటు ఖాయమైన దగ్గర నుంచి మీరు, మీ ఇంట్లోవాళ్లు ఫోన్లలో అడుగుతున్న ప్రశ్నలకు ఒక ఫిజియాలజీ ఉపాధ్యాయురాలి జవాబులివి. ఎంబీబీఎస్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీలో చేరుతున్నవారికి కూడా చాలావరకు పనికొస్తాయి. ఏ విషయంలోనైనా మీ కళాశాల నోటీసు వేరుగా చెబితే నోటీసులో ఉన్నదే పాటించండి. ఇందులోని కోవిడ్, టీకా నియమాలు 2021 ఫిబ్రవరి నాటివి.

కోవిడ్ రోగులు ఉండే ఆసుపత్రి పక్కనే చదువు. పిల్లలను పంపడం క్షేమమేనా?

తల్లిదండ్రులందరూ మొదట అడుగుతున్నది ఇదే. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన జిల్లాల్లో కర్నూలు ముందు వరుసలో ఉంది, రెడ్ జోన్ జాబితాలోకి ఎక్కింది. ఆ వార్తలు గుర్తున్నవారు భయపడటంలో తప్పు లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాష్ట్రంలో రోజుకు పదివేలకు పైగా కేసులు వచ్చిన రోజులున్నాయి. 2021 జనవరి చివరికి ఆ సంఖ్య రెండు వందల లోపుకు దిగింది. జబ్బు తగ్గింది, పోలేదు. ఈ రెండు మాటలనూ కలిపే గుర్తుంచుకోండి.

పెద్దాసుపత్రి గోడ పక్కన కూర్చుని చదివినంత మాత్రాన వైరస్ అంటుకోదు. కోవిడ్ వార్డులో ఎవరు ఎప్పుడు ఏం తొడుక్కోవాలో, ఎక్కడ విప్పాలో నియమం ఉంది, దాన్ని చూసేవారున్నారు. నాకు ఎక్కువ దిగులు మాస్కు తీసే చోట్ల గురించే: మెస్, హాస్టల్ గది, టీ కొట్టు, పుట్టినరోజు కేకు చుట్టూ చేరిన గుంపు. అక్కడ మనకు కాపలా ఉండదు, స్నేహితులే కదా అన్న ధీమా మాత్రం ఉంటుంది.

మొదటి ఏడాది విద్యార్థులను కోవిడ్ వార్డు పనికి పంపుతారా?

పంపరు. మీ తొలి ఏడాది అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), బయోకెమిస్ట్రీ (శరీర రసాయన శాస్త్రం) పాఠాలతో గడుస్తుంది. 2019లో వచ్చిన కొత్త పాఠ్య ప్రణాళిక ప్రకారం తొలి ఏడాదిలోనే రోగులను కొంత చూపించాలి. దాన్ని కోవిడ్ లేని విభాగాల్లో, చిన్న బృందాలుగా చేయవచ్చు, రోగి వివరాలతో తరగతి గదిలోనే చర్చించవచ్చు. మిమ్మల్ని ఎవరైనా, సీనియరైనా సరే, సరదాకు కోవిడ్ వార్డు చూపిస్తానంటే వెళ్లకండి.

వచ్చే ముందు పరీక్ష చేయించుకోవాలా?

కళాశాల అడిగితే తప్పకుండా చేయించుకోండి. అయితే నెగెటివ్ కాగితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకుని రండి. వైరస్ లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సగటున 5, 6 రోజులు, ఒక్కోసారి 14 రోజుల వరకు పడుతుంది. సోమవారం ఇచ్చిన నమూనాలో వైరస్ కనిపించకపోయినా గురువారానికి కనిపించవచ్చు. అందుకని వచ్చిన తొలి రెండు వారాలు, కాగితంలో ఏమున్నా, ఇతరుల గదుల్లో గుమికూడకండి.

ఇంకో సంగతి. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష వెంటనే ఫలితం ఇస్తుంది కానీ కొన్ని కేసులను పట్టుకోలేదు. లక్షణాలుండి యాంటిజెన్ నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాల్సిందే. ఇప్పటికే కోవిడ్ వచ్చి తగ్గినవారికి ఆర్‌టీపీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపించవచ్చు. వారు పాత రిపోర్టు, డిశ్చార్జి కాగితం వెంట తెచ్చుకుంటే అనవసరపు గందరగోళం తప్పుతుంది.

హాస్టల్లో జ్వరం వస్తే?

మిగతా జవాబులన్నీ మరిచిపోయినా ఇది మరవకండి: దాచవద్దు.

విద్యార్థులు జ్వరాన్ని ఎలా దాస్తారో మాకు తెలుసు. పొద్దున్నే పారాసిటమాల్ మాత్ర వేసుకుంటారు, గేటు దగ్గర నుదుటిపై పెట్టే థర్మామీటరు మామూలు వేడే చూపిస్తుంది, తరగతికి వచ్చి కూర్చుంటారు. ఆ థర్మామీటరు చూసేది చర్మం వేడిని మాత్రమే. మాత్రతో వేడి తగ్గుతుంది, గొంతులో వైరస్ తగ్గదు. లక్షణాలు మొదలయ్యే ముందు ఒకటి రెండు రోజులు, మొదలైన తొలి రోజులే ఇతరులకు అంటించే అవకాశం ఎక్కువగా ఉండే కాలం. అంటే దాచిన ఆ రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదమైన రోజులు.

దాచేది చెడ్డతనంతో కాదు, భయంతో. హాజరు పోతుందని, గది ఖాళీ చేయమంటారని, ఇంట్లో తెలిస్తే వెనక్కి రమ్మంటారని భయం. హాజరు సంగతి చెబుతాను. ఎంబీబీఎస్‌లో థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి. అది ఏ ఒక్క నెలకో కాదు, మొత్తం కోర్సు కాలానికి చూసే లెక్క. రెండున్నర వారాలు తప్పినంత మాత్రాన ఎవరి ఏడాదీ పోదు. మా విభాగంలో జబ్బుపడి తప్పిన ప్రాక్టికల్‌ను, కోలుకున్నాక, మళ్లీ చేయిస్తాం. నిజం చెప్పిన విద్యార్థిని నష్టపరిచే ఉపాధ్యాయుడు ఆరోగ్య విద్య చెప్పడానికి తగడని నా నమ్మకం.

ఇక చేయాల్సిన పని. జ్వరం, పొడి దగ్గు, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, వాసన లేదా రుచి తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా తరగతికి రాకుండా వార్డెన్‌కు, మీ మెంటర్ ఉపాధ్యాయుడికి ఫోను చేయండి. అనాటమీ విద్యార్థులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. శవాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాలులో కళ్లు మండుతున్నాయి కానీ వాటిని భద్రపరిచే ఫార్మలిన్ వాసన మాత్రం తెలియడం లేదనుకోండి, వెంటనే బయటకు వచ్చి చెప్పండి. మంట తెలిసేది ఐదో కపాల నాడి ద్వారా, వాసన తెలిసేది మొదటి కపాల నాడి ద్వారా. ఒకటి పనిచేస్తూ రెండోది ఆగిపోవడం కోవిడ్‌లో తరచుగా కనిపిస్తోంది.

పాజిటివ్ వచ్చి లక్షణాలు స్వల్పంగా ఉంటే విడి గది, విడి మరుగుదొడ్డి కావాలి. నలుగురుండే హాస్టల్ గదిలో అది కుదరదు కాబట్టి కళాశాల చూపించిన గదికో, కోవిడ్ కేర్ సెంటరుకో వెళ్లాలి. 2021 ఫిబ్రవరి నాటి నియమం ప్రకారం, లక్షణాలు మొదలై 10 రోజులు గడిచి, చివరి 3 రోజులు జ్వరం లేకుండా ఉంటే ఐసొలేషన్ ముగుస్తుంది. ఆ తర్వాత మరో 7 రోజులు ఎవరితో కలవకుండా ఆరోగ్యాన్ని గమనించుకోవాలి. మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఈలోగా ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి గాని, ఛాతీ బరువుగా ఉండటం గాని తగ్గకపోయినా, మాట తడబడినా, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటరు 95 కంటే తక్కువ చూపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆక్సిమీటరు పెట్టే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరుచుకోవాలి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. సలహాకు 104, అంబులెన్సుకు 108.

నా గదిలో ఉండే అమ్మాయికి పాజిటివ్ వచ్చింది. నేనేం చేయాలి?

ఒకే గదిలో పడుకుంటున్నారు కాబట్టి మీరు సన్నిహిత కాంటాక్టే. లక్షణాలు లేకపోయినా 14 రోజుల క్వారంటైన్. తొలి రెండు మూడు రోజుల్లోనే పరీక్ష చేయించుకుని నెగెటివ్ వచ్చిందని సంబరపడకండి. ఆ అమ్మాయికి రోజూ ఫోను చేయండి. ఎవరి వల్ల వచ్చిందో తేల్చే పంచాయితీ మాత్రం పెట్టకండి. ఒక్కసారి ఎవరినైనా వేలెత్తి చూపిస్తే తర్వాత జబ్బుపడే పదిమంది నోరు విప్పరు.

మాకు టీకా ఎప్పుడు?

2021 జనవరి 16 నుంచి దేశమంతటా ఆరోగ్య సిబ్బందికి టీకాలు వేస్తున్నారు. కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండూ 2021 ఫిబ్రవరి నాటికి 18 ఏళ్లు నిండినవారికే. నీట్ రాయడానికి 17 ఏళ్లు చాలు కాబట్టి మీలో కొందరికి ఇంకా 18 నిండలేదు. వారు ఆగాలి. ఆరోగ్య సిబ్బంది జాబితాలో వైద్య, నర్సింగ్ విద్యార్థులకు చోటుంది. కొత్తగా చేరిన మీ పేరు ఎక్కిందో లేదో కళాశాల కార్యాలయంలో అడగండి, ఆధార్ కార్డు తీసుకెళ్లండి.

2021 ఫిబ్రవరి నాటికి రెండు డోసుల మధ్య గడువు 28 రోజులు. రెండో డోసు తర్వాత మరో రెండు వారాలకు గాని తగిన రక్షణ ఏర్పడదు. సూది వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఆ రాత్రి జ్వరం, చేయి నొప్పి ఉండవచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. టీకా వేసుకున్నాక మాస్కు తీసేయవచ్చా అని అడుగుతున్నారు. తీయవద్దు.

డిసెక్షన్, ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయి? శవం నుంచి వైరస్ రాదా?

డిసెక్షన్ హాలులో ఉండే దేహాలు ఫార్మలిన్‌తో భద్రపరిచినవి. ఆ ద్రావణంలో ఈ వైరస్ బతకదు. పైగా కోవిడ్‌తో మరణించినవారి దేహాలను దానంగా తీసుకోరు. కాబట్టి బల్ల మీది దేహం గురించి భయపడనక్కర్లేదు. బల్ల చుట్టూ భుజం భుజం రాసుకుని నిలబడే మన గురించే జాగ్రత్త కావాలి. అందుకే చిన్న బ్యాచ్‌లు, తెరిచిన కిటికీలు. ఫార్మలిన్ ఘాటును మాస్కు ఆపలేదు. కళ్లు మండితే మాస్కు కిందకి లాగకుండా బయటకు వెళ్లి కాస్త గాలి పీల్చుకుని రండి. ఆ దేహాన్ని ఇచ్చిన కుటుంబం ఒకటి ఉందని, వారు ఎంతో నమ్మకంతో మన చేతుల్లో పెట్టారని తొలి రోజు ప్రమాణంలో చెప్పుకుంటాం. మాస్కులు వేసుకున్నా ఆ ప్రమాణం నిలబడి, గొంతెత్తి చేయాలి.

ఫిజియాలజీ ల్యాబులో మార్పులు ఎక్కువ. రక్తకణాలు లెక్కించడానికి గాజు పిపెట్‌లోకి నోటితో పీల్చే పాత పద్ధతి ఒకటి ఉండేది. ఇప్పుడు నోరు పెట్టడం పూర్తిగా నిషిద్ధం, రబ్బరు బల్బో మైక్రోపిపెటో వాడాలి. కోవిడ్ పోయాక కూడా ఆ పద్ధతి తిరిగి రాకూడదని నా కోరిక. ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమీటరులోకి గట్టిగా ఊదాలి, దగ్గు కూడా వస్తుంది. అది ఇప్పటికి విద్యార్థులతో చేయించం. వీడియో చూపించి, గ్రాఫులు ఇచ్చి లెక్కలు వేయిస్తాం. హీమోగ్లోబిన్, రక్త గ్రూపు యథాతథం: ఎవరి వేలు వారే, ఎవరి లాన్సెట్ (వేలు గుచ్చే సూది) వారిదే. రక్తపోటు కొలవడానికి జోడీ కావాలి. ఏడాదంతా ఒకే జోడీ ఉంటుంది, మార్చుకోవడానికి వీల్లేదు. స్టెతస్కోపు ఎవరిది వారే తెచ్చుకుంటే మంచిది, ఇంకొకరి చెవిలో పెట్టుకున్నది స్పిరిట్‌తో తుడవకుండా పెట్టుకోకండి.

తొలి నెల ఫౌండేషన్ కోర్సులో ప్రాణరక్షణ శిక్షణ ఉంటుంది. ఛాతీ ఒత్తడం బొమ్మ మీద నేర్పుతారు, నోటిలో నోరు పెట్టి ఊదే భాగం బదులు చేత్తో నొక్కి గాలి పంపే బ్యాగ్ మాస్కుతో చేయిస్తారు.

చేతులు కడగడం చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా, దీనికి ఒక తరగతా?

అవును, ఒక తరగతే. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో రెండు వార్డులుండేవి. మంత్రసానులు శిక్షణ పొందే వార్డులో కంటే వైద్య విద్యార్థులు పనిచేసే వార్డులో బాలింతలు చాలా ఎక్కువగా చనిపోయేవారు. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వస్తున్నారని, వారి చేతులతోనే మరణం వస్తోందని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు గుర్తించాడు. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు కొద్ది నెలల్లోనే 2 శాతం చుట్టూకు దిగాయి. సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా స్థిరపడని రోజులవి. పెద్దలు చాలామంది ఆయన్ను నమ్మలేదు.

అక్కడ చేతులు మురికి చేసుకున్నది మీ వయసు పిల్లలే. అందుకే ఈ తరగతి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరుతో అయితే 20 నుంచి 30 సెకన్లు. బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కొనలు ఎక్కువమంది వదిలేసే చోట్లు. చేతికి మురికి కనిపిస్తుంటే శానిటైజరు చాలదు, సబ్బే కావాలి.

ఏ మాస్కు కొనాలి? కర్నూలు ఎండల్లో రోజంతా ఎలా?

తరగతికి, హాస్టలుకు మూడు పొరల నూలు మాస్కు లేదా సర్జికల్ మాస్కు చాలు. ఎన్95 వార్డుల్లో పనిచేసేవారికి అవసరం. ముందు కవాటం ఉన్న ఎన్95 కొనవద్దు. అది మీరు వదిలే గాలిని వడకట్టకుండా బయటకు పంపుతుంది. మార్చి దాటితే ఇక్కడ చెమటతో మాస్కు త్వరగా తడుస్తుంది, తడిసినది సరిగా పనిచేయదు. పూటకొకటి చొప్పున మార్చుకునేలా తెచ్చుకోండి. నూలువి సబ్బుతో ఉతికి మన ఎండలో ఆరేయండి. కళ్లద్దాలు మసకబారుతుంటే మాస్కు పై అంచు ముక్కుకు అతుక్కోలేదని అర్థం.

గది కిటికీలు రాత్రి కూడా తెరిచే ఉంచండి. కూలరు పెట్టుకున్నా సరే. దోమతెర తప్పనిసరి, ఎందుకంటే డెంగీ మన కోసం ఆగదు.

మెస్‌లో తినడం ఎలా?

సొంత కంచం, గ్లాసు, నీళ్ల సీసా. విడతల వారీగా, ఎదురెదురుగా కాకుండా ఒకే వైపు కూర్చుని, తినేటప్పుడు మాటలు తగ్గించి. ఉగ్గాని బజ్జీ ముందు పెట్టుకుని మౌనంగా ఉండమనడం కష్టమైన పనే, నాకు తెలుసు. కబుర్లు మాస్కు పెట్టుకున్నాక ఆరుబయట చెప్పుకోండి.

అమ్మానాన్నలు హాస్టల్ గది వరకు రావచ్చా?

ఒక్కరు వెంట రండి, గేటు దగ్గర సామాను దింపండి. గది చూడాలని అమ్మకు ఉంటుంది. వీడియో కాల్‌లో మంచం, కిటికీ, అలమర అన్నీ చూపించండి. షుగరు, బీపీ ఉన్నవారు, అరవై దాటినవారు ప్రయాణం మానుకుంటేనే మేలు.

పండుగలకు, వారాంతాలకు ఊరికి వెళ్లవచ్చా?

2021లో మార్చి 11న శివరాత్రి, ఏప్రిల్ 13న ఉగాది, ఆ వెంటనే రంజాన్ నెల. వెళ్లాలనిపించడం సహజం. వారం వారం ఆదోనికో, నంద్యాలకో, అనంతపురానికో బస్సెక్కి తిరగడం కంటే కొన్నాళ్లకు ఒకసారి వెళ్లి నాలుగు రోజులు ఉండి రావడం మంచిది. ఇంట్లో అవ్వాతాతలుంటే వారి దగ్గర మాస్కు తీయకండి, విడిగా తినండి. మనవడు డాక్టరు చదువుతున్నాడని దగ్గరికి తీసుకుంటారు. ఆ క్షణంలో వెనక్కి జరగడం మనసుకు కష్టంగా ఉంటుంది, అయినా జరగండి. రంజాన్ ఉపవాసం ఉండే విద్యార్థులు సహరీ, ఇఫ్తార్ వేళలు మెస్‌కు ముందే చెప్పండి. ఇఫ్తార్ ఒకే పళ్లెం చుట్టూ కాకుండా ఎవరి పళ్లెంలో వారు చేయండి.

చుట్టాలందరూ నన్ను కోవిడ్ మందులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఎంబీబీఎస్‌లో చేరిన మర్నాటి నుంచే మీరు ఊరికి డాక్టరు అయిపోతారు. వారి నమ్మకాన్ని గౌరవించండి, మందు మాత్రం చెప్పకండి. ఎందుకో ఒక ఉదాహరణ. డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వెంటిలేటరు మీద ఉన్నవారిలో మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు మరణాలు తగ్గించిందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అనే మందుల ప్రయోగ పరీక్షలు తేల్చాయి. అదే పరీక్షల్లో ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలేమీ కనబడలేదు. షుగరు ఉన్న పెద్దాయన జ్వరం వచ్చిన రెండో రోజే వాట్సాప్‌లో చూసి అది మింగితే షుగరు అమాంతం పెరుగుతుంది. ఒకే మాత్ర ఒకరికి ప్రాణం, ఇంకొకరికి ముప్పు. మీరు ఖచ్చితంగా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి: పరీక్ష చేయించుకో, విడిగా ఉండు, ఆక్సిజన్ చూసుకో, 104కు ఫోను చెయ్యి. మిరియాల కషాయం తాగుతామంటే తాగనివ్వండి, దాన్ని నమ్ముకుని పరీక్ష మానేస్తేనే అడ్డుపడండి.

బయట గది అద్దెకు తీసుకున్నాం. మెడికల్ విద్యార్థులమని ఖాళీ చేయమంటే?

1956లో కర్నూలు వైద్య కళాశాల ప్రారంభమైనప్పటి నుంచి ఈ ఊరు మెడికల్ విద్యార్థులకు ఇళ్లిస్తూనే ఉంది. ముందు ఇంటి యజమానితో నెమ్మదిగా మాట్లాడండి. మీరు కోవిడ్ వార్డుకు వెళ్లడం లేదని చెప్పండి, వినకపోతే కళాశాలకు తెలపండి. 2020లో సవరించిన అంటువ్యాధుల చట్టం ఆరోగ్య సిబ్బందిని వేధించేవారికి 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది. వైద్యులను, నర్సులను ఇళ్లలోంచి వెళ్లగొట్టిన ఘటనల తర్వాతే ఆ సవరణ వచ్చింది.

ర్యాగింగ్?

ఆన్‌లైన్‌లో కూడా నేరమే. రాత్రి వీడియో కాల్ పెట్టి నిలబడమనడం, వాట్సాప్ గ్రూపులో అవమానించడం, మాస్కు తీసి ముఖం చూపించమని బలవంతపెట్టడం, అన్నీ దాని కిందికే వస్తాయి. రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. జాతీయ సహాయ ఫోను నంబరు 1800-180-5522.

మాస్కుల వెనక ఎవరి ముఖమూ తెలియడం లేదు. ఒంటరిగా అనిపిస్తే?

ఇది చాలామంది అడగరు కానీ చాలామందికి ఉంటుంది. ఏడాదిపాటు ఇంట్లో ఒంటరిగా చదివి, నేరుగా కొత్త ఊరికి, కొత్త భాషలాంటి అనాటమీకి వచ్చారు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చదివింది ఎక్కకపోవడం రెండు వారాలు దాటితే మెంటర్‌తో మాట్లాడండి, ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. అక్కడికి వెళ్లడం మీ చదువుకు మచ్చ కాదు. సాయంత్రాలు తుంగభద్ర ఒడ్డునో, మైదానంలోనో దూరం దూరంగా నడవండి. తెలుగు రాని విద్యార్థి మీ బ్యాచ్‌లో ఉంటే ఆ నడకకు తప్పక పిలవండి. ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష తరగతులున్నా, అక్కడి పాఠం కంటే మీ కబుర్లతో త్వరగా వస్తుంది.

లాప్‌టాప్ తప్పనిసరా?

కాదు. థియరీ తరగతులు కొన్ని ఆన్‌లైన్‌లో ఉన్నా ఫోను సరిపోతుంది. సిగ్నలు సరిగా అందని ఊరి నుంచి వస్తున్నవారు, డేటా కొనడం భారమైనవారు మొహమాటపడకుండా మెంటర్‌కు చెప్పండి. పాఠాలు పెన్‌డ్రైవులో ఇవ్వగలం.

సామాన్లలో ఏమేం ఉండాలి?

అసలు సర్టిఫికెట్లు, వాటి జిరాక్సులు. తెల్లకోట్లు రెండు, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు ఇంకోటి. మాస్కులు, సబ్బులు, చిన్న శానిటైజరు సీసా, మామూలు థర్మామీటరు, కంచం, గ్లాసు, దోమతెర. ఆస్తమా, మూర్ఛ, షుగరు వంటివి ఉంటే మూడు నెలల మందులు, మీ డాక్టరు రాసిన చీటీ. పల్స్ ఆక్సిమీటరు గదికి ఒకటి ఉంటే చాలు, నలుగురూ కలిసి కొనుక్కోండి. ఇంటి ఫోను నంబరు, రక్త గ్రూపు, పడని మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి గది తలుపు లోపలి వైపు అంటించండి.